నిమ్మ ఉప్పుతో సర్క్యూట్ బోర్డు: నాలుగు పలకల డైరీ

చేయదలచినది: మేడమీది ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అయిదు దీపాలతో చూపి, నిండగానే కూత పెట్టే పరికరం. దీపాలను నడిపే ఐసీ (చిప్పు) యూఎల్‌ఎన్ 2003 ఒకటి, కూతకు తరంగం పుట్టించే ఐసీ 555 ఒకటి, అయిదు ఎల్‌ఈడీలు, ఒక బజర్. బోర్డు కొలత 70 × 50 మి.మీ., రాగి ఒక వైపే.

చోటు: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ, మా అద్దె ఫ్లాటు వెనక బాల్కనీ. వానాకాలం. సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. దాని నిర్వాకం అయిదో దశలో రాశాను.

బోర్డు చేయడమంటే రాగి పొర ఉన్న పలక మీద తీగలుగా మిగలవలసిన గీతలను కప్పి, మిగతా రాగిని ద్రవంలో కరిగించడం. దానికి మామూలుగా వాడే ఫెర్రిక్ క్లోరైడ్ కొని తెచ్చుకుంటే ఈ డైరీ ఒక పేజీలో ముగిసేది. కానీ దాని మరక నేల మీద పడితే పోదు, ఆ మరక ఖరీదు ఇంటి అడ్వాన్సులోంచి కోత పడుతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే రాగి వేగంగా కరుగుతుందని తెలుసు. ఆ పొగకు బాల్కనీ గ్రిల్లు ఎన్నాళ్ళు నిలుస్తుందో కూడా తెలుసు. ఇక్కడ ఇనుము ఊరికే ఉన్నా తుప్పు పడుతుంది. కాబట్టి కిరాణా కొట్టులో, మందుల దుకాణంలో దొరికేవాటితోనే పని.

ప్రతి దశ చివర రెండు లెక్కలు ఉంటాయి: ఖర్చయిన రూపాయలు, మిగిలిన రాగి నీళ్ళు (రాగి కరిగిన, వాడేసిన ద్రవం). మొదటిదాని కంటే రెండోదే ఎక్కువ బాధ పెట్టింది.

దశ 1: వినెగర్, మార్కరు, మొదటి పలక

డాబాగార్డెన్స్‌లో ఒక విడిభాగాల దుకాణం నుంచి 6 × 4 అంగుళాల ఎఫ్‌ఆర్-4 పలక తెచ్చాను. గాజు నారతో చేసినది, 1.6 మి.మీ. మందం. హాక్సా బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తే 70 × 50 చొప్పున సరిగ్గా సరిపోయింది. కోత వెడల్పు 1 మి.మీ. పోతుంది, గీత పక్కకు జరిగితే ఒక ముక్క చిన్నదవుతుంది.

మొదటి పలక మీద గీతలు చేత్తోనే, పర్మనెంట్ మార్కరుతో గీశాను. తర్వాత:

1. ప్లాస్టిక్ ఐస్‌క్రీం డబ్బాలో వినెగర్ 50 మి.లీ. సీసా మీద ఎసిటిక్ ఆమ్లం 4 శాతం అని ఉంది.
2. హైడ్రోజన్ పెరాక్సైడ్ 50 మి.లీ. మందుల దుకాణంలో ఇచ్చేది 6 శాతం, ‘20 వాల్యూమ్’.
3. ఉప్పు ఒక చెంచా.
4. పలక రాగి వైపు పైకి ఉండేలా ముంచడం.

నిమిషంలో బుడగలు, పది నిమిషాల్లో లేత నీలం. అరగంట తర్వాత వేగం తగ్గింది. గంటకు ద్రవం అడుగున పచ్చటి మడ్డి పేరుకుంది. గంటన్నరకు మార్కరు గీతలు పొరలుగా లేచాయి. రెండు గంటలకు బయటికి తీస్తే అంచుల్లో రాగి మొత్తం పోయింది, నడుమ అలాగే ఉంది, గీతలు చెదలు తిన్న కాగితంలా ఉన్నాయి.

లెక్క ముందే వేసుకోవలసింది. 50 మి.లీ. వినెగర్‌లో 4 శాతం అంటే 2 గ్రాముల ఆమ్లం. ఒక రాగి పరమాణువుకు రెండు ఎసిటిక్ ఆమ్ల అణువులు కావాలి. ఆ లెక్కన ఈ వినెగర్ చివరి బొట్టు దాకా పనిచేసినా కరిగేది ఒక గ్రాముకు కాస్త ఎక్కువ. నా గీతల ప్రకారం కరగవలసింది 0.86 గ్రాములు. అంటే ఆమ్లం అయిపోవచ్చే దశలో పని లాగుతున్నాను. ఆమ్లం తగ్గేసరికి కరిగిన రాగి ద్రవంలో నిలవలేక మడ్డిగా దిగింది, ఆ మడ్డి పలక మీద కూర్చుని మిగతా రాగిని కప్పేసింది.

మార్పు: వినెగర్ వద్దు. మార్కరు వద్దు.

ఖర్చు: పలక 110, పెరాక్సైడ్ రెండు సీసాలు 50, వినెగర్ 45, మార్కరు 30, చేతి తొడుగులు, మాస్కు 40. మొత్తం 275.
రాగి నీళ్ళు: ద్రావణం 100, మొదటి కడుగు 50. మొత్తం 150 మి.లీ.

దశ 2: ఆరు ముక్కల పరీక్ష

ఒక్కో బోర్డు పాడుచేసుకుంటూ నేర్చుకోవడం దండగ అనిపించి, మిగిలిన మూడు ముక్కల్లో ఒకదాన్ని 10 × 50 మి.మీ. పట్టీలుగా కోశాను. ఆరు వచ్చాయి.

రాగి పొర మందం 35 మైక్రాన్లు. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు. అంటే చదరపు సెంటీమీటరుకు 0.031 గ్రాములు, ఒక పట్టీకి 0.16 గ్రాములు. వంటింటి కాటా ఒక గ్రాము కంటే తక్కువ చూపదు, అందుకని 0.01 గ్రాము చూపే చిన్న కాటా కొన్నాను. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఖరీదైన కొనుగోలు అదే, అన్నిటికంటే పనికివచ్చినదీ అదే. రంగు చూసి ‘అయిపోయినట్టుంది’ అనుకోవడం పోయింది. తుడిచి, ఆరబెట్టి, తూస్తే చాలు.

పూర్ణా మార్కెట్‌లో నిమ్మ ఉప్పు 100 గ్రాములు 35 రూపాయలు. సిట్రిక్ ఆమ్లం అంటే కిరాణా కొట్టులో ముఖం చూస్తారు. నిమ్మ ఉప్పు అంటే పొట్లం కట్టి ఇస్తారు.

ప్రతి పట్టీకి 50 మి.లీ. ద్రవం, గది వేడి 30 డిగ్రీలు:

1. వినెగర్ 50 మి.లీ., ఉప్పు 2.5 గ్రా., పెరాక్సైడ్ లేదు. గంట తర్వాత తగ్గిన బరువు: కాటాకు అందలేదు.
2. వినెగర్ 25, పెరాక్సైడ్ 25, ఉప్పు 2.5. పూర్తిగా పోవడానికి 52 నిమిషాలు.
3. నిమ్మ ఉప్పు 15 గ్రా., పెరాక్సైడ్ 25, నీళ్ళు 25, ఉప్పు లేదు. 30 నిమిషాలకు తగ్గింది 0.03 గ్రా. మాత్రమే. పట్టీని తీసి పక్కన పెట్టాను.
4. మూడోదే, ఉప్పు 2.5 గ్రా. కలిపి. 27 నిమిషాల్లో పూర్తి.
5. ఉప్పు 7.5 గ్రా. 21 నిమిషాలు. నురగ ఎక్కువ, ద్రవం దానంతట అదే 35 డిగ్రీలకు వేడెక్కింది.
6. నాలుగోదే, డబ్బాను 42 డిగ్రీల వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టి. 13 నిమిషాలు.

మొదటి పట్టీ చూస్తే పెరాక్సైడ్ లేకుండా ఆమ్లం ఒక్కటే ఏమీ చేయదని అర్థమవుతుంది. రాగి ముందు ఆక్సీకరణం చెందాలి, ఆ పని పెరాక్సైడ్‌ది. ఆమ్లం దాన్ని నీళ్ళలోకి దింపుతుంది. మూడూ నాలుగూ పోల్చితే ఉప్పు ఎందుకో తెలుస్తుంది: అందులోని క్లోరైడ్ రాగిని పట్టుకుని లాగుతుంది, లేకపోతే ఉపరితలం మొండికేస్తుంది. అయోడిన్ ఉప్పయినా రాళ్ళ ఉప్పయినా నాకు తేడా కనబడలేదు. ఉప్పు మూడింతలు చేసినా లాభం ఆరు నిమిషాలే, నురగలో పలక కనబడదు. వేడినీళ్ళ పళ్ళెం సగం సమయం మిగిల్చింది. 50 డిగ్రీలు దాటించకూడదు; వేడికి పెరాక్సైడ్ రాగిని వదిలేసి తానే విరిగిపోతుంది.

స్థిరపడిన పాళ్ళు, 100 మి.లీ.కి: పెరాక్సైడ్ 50, నీళ్ళు 50, నిమ్మ ఉప్పు 30 గ్రా., ఉప్పు 5 గ్రా. డబ్బా ప్లాస్టిక్‌దో గాజుదో ఉండాలి. స్టీలు, అల్యూమినియం గిన్నెలు ఈ ద్రవం దగ్గరికి రాకూడదు, వాడిన డబ్బా మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి.

ఒక తెలివితక్కువ పని. ఆరు పట్టీల ద్రవాన్ని ఒక సోడా సీసాలో పోసి మూత గట్టిగా బిగించి పడుకున్నాను. తెల్లవారి చూస్తే సీసా అడుగు బయటికి ఉబ్బి, నిలబడలేక పక్కకు ఒరిగి ఉంది. వేలితో తడితే మృదంగంలా మోగింది. ‘20 వాల్యూమ్’ అని సీసా మీద ఊరికే రాయరు. ఒక లీటరు ద్రవం నుంచి 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని దాని అర్థం. 100 మి.లీ.కి రెండు లీటర్లు. కరిగిన రాగి ఆ విరుగుడును ఇంకా తొందర చేస్తుంది. గోనె గుడ్డ చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, మూత చుట్టు వెంట చుట్టు వదిలాను. ఇప్పుడు మూతకు మేకుతో రంధ్రం ఉంది, సీసా మీద ‘రాగి విషం, ముట్టవద్దు’ అని పెద్ద అక్షరాలున్నాయి.

ఖర్చు: కాటా 320, నిమ్మ ఉప్పు 35. ఇంతవరకు 630.
రాగి నీళ్ళు: 300 కలిసి 450 మి.లీ.

దశ 3: మసి అంటించడం

రాగిని తినే ద్రవం దొరికింది. తినకూడని చోట కాపలా పెట్టడం మిగిలింది. ఎక్కువ రోజులు పోయింది ఇక్కడే.

పద్ధతి అందరికీ తెలిసినదే. లేజర్ ప్రింటరు మసి నిజానికి ప్లాస్టిక్ పొడి. నున్నటి కాగితం మీద బొమ్మ ముద్రించి, రాగి మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే ఆ పొడి కరిగి రాగికి అంటుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు పనికిరాదు. బొమ్మ కీక్యాడ్‌లో (సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్) గీశాను: ట్రాక్ (తీగలా పనిచేసే రాగి గీత) 1 మి.మీ., మధ్య ఖాళీ 0.6 మి.మీ., విడిభాగాల కాళ్ళు దిగే గుండ్రాలు 2 మి.మీ.

ఒకటో ప్రయత్నం: మామూలు ఎ4 కాగితం. నీళ్ళలో నానబెట్టి లాగితే కాగితంతో పాటు మసి కూడా వచ్చేసింది.

రెండో ప్రయత్నం: వారపత్రిక నున్నటి పేజీ. సగం గీతలు అంటుకున్నాయి, సగం అంటలేదు. అంటని చోట నా బొటనవేలి ముద్ర ఉంది, పోలీసులకు పనికివచ్చేంత స్పష్టంగా.

పలకను స్క్రబ్బరుతో ఎంత రుద్దినా గంటలో రాగి మసకబారుతోంది. అమ్మ వచ్చి చూసి, “రాగి చెంబు తోమినట్టు తోమరా, చింతపండు పెట్టి” అంది. నిజమే. చింతపండు పులుపులోని టార్టారిక్ ఆమ్లం మసక పొరను కరిగిస్తుంది; స్క్రబ్బరు దాన్ని గీకుతుంది, అంతే. చింతపండు, చిటికెడు ఉప్పు, రెండు నిమిషాలు. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, నీళ్ళు, చివర ఎసిటోన్ తుడుపు. నీళ్ళు పోస్తే రాగి మీద చుక్కలుగా విడిపోకుండా పలచటి పొరలా నిలవాలి. నిలవకపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. ఆ తర్వాత అంచులు పట్టుకోవడమే, రాగి వైపు తాకకూడదు. తోమిన పావుగంటలోపు ఇస్త్రీ పెట్టాలి.

మూడో ప్రయత్నం: పలక శుభ్రం, కాగితం అదే. ఈసారి అక్కడక్కడా గుండ్రటి ఖాళీలు, వరసగా, ఒకే ఎడంతో. పలక మీద తప్పు అనుకుని రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అలాగే వచ్చాయి. చివరికి ఇస్త్రీ పెట్టెను తిరగేసి చూస్తే సంగతి బయటపడింది: అది ఆవిరి వదిలే రకం, అడుగున రంధ్రాలున్నాయి, రంధ్రం ఉన్న చోట వేడి తగలదు. అటక మీద నుంచి పాత మొద్దు ఇస్త్రీ పెట్టె దింపాము.

నాలుగో ప్రయత్నం: గీతలు అంటుకున్నాయి, కానీ చెదిరి పక్క గీతలో కలిశాయి. బలం ఎక్కువ, వేడి ఎక్కువ.

అయిదో ప్రయత్నం: చెదరలేదు కానీ కాగితం అలలుగా లేచి నడుమ అంటలేదు. ఆ రోజు ఉదయం నుంచి జల్లు, ఇంట్లో తేమ కొలత 84 శాతం చూపిస్తోంది. తేమ తాగిన కాగితం ఇస్త్రీ కింద ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరే కాగితాన్ని పైకి లేపుతుంది. అప్పటి నుంచి ఖాళీ కాగితాన్ని ముందు ఇస్త్రీ చేసి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి జిరాక్సు దుకాణానికి తీసుకెళ్తున్నాను.

మద్దిలపాలెంలో ప్రింటు తీసిన ఆయన వారపత్రిక పేజీ చూసి మొదట ఒప్పుకోలేదు. “మెషీన్‌లో ఇరుక్కుంటే ఎవరిది సార్ బాధ్యత?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఎ4 కొలతకు నలువైపులా కత్తిరించి, మడతలు లేకుండా, ఒక్కొక్కటే పెడతానని చెప్పాక ఒప్పుకున్నాడు. ఇంక్‌జెట్ కోసం అమ్మే ఫోటో కాగితం మాత్రం లేజర్ ప్రింటరులో పెట్టవద్దు. దాని పూత లోపలి వేడికి కరిగి రోలరుకు చుట్టుకుంటుంది, అప్పుడు ఆయన ప్రశ్నకు మీరు జవాబు చెప్పుకోవాలి. ఇంకో మాట: టోనరు పొదుపు చేసే అమరిక తీసేయమని అడగండి. పొదుపు ప్రింటులో నల్లటి గీత నిండా సూదిమొన రంధ్రాలు ఉంటాయి, ప్రతి రంధ్రం నుంచీ ద్రవం లోపలికి దిగుతుంది.

ఆరో ప్రయత్నంలో పని జరిగింది. వరస ఇది:

1. పలకను ఒక్కదాన్నే ఇస్త్రీ పెట్టె కింద ఒక నిమిషం వేడి చేయడం.
2. బొమ్మ బోర్లించి, కదలకుండా 30 సెకన్లు పెట్టెను నిలబెట్టడం. కాటన్ గుర్తు మీద వేడి.
3. పైన మామూలు కాగితం వేసి, పెట్టె కొసతో అంచుల నుంచి నడుమకు, మూడు నిమిషాలు, మధ్యస్థమైన బలంతో.
4. చేతికి వేడి తగలనంత వరకు చల్లారనివ్వడం. వేడి పలకను నీళ్ళలో వేస్తే మసి చిట్లుతుంది.
5. సబ్బు నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, బొటనవేలితో కాగితాన్ని నలిపి రాల్చడం. లాగకూడదు.
6. గీతల మధ్య మిగిలిన కాగితపు నూగును పాత టూత్‌బ్రష్‌తో తీయడం.
7. తెగిన చోట గోళ్ళ రంగు, పంటి పుల్లతో.

గోళ్ళ రంగు మార్కరు కంటే ఎన్నో రెట్లు మేలు. ద్రవంలో లేవదు, ఎసిటోన్‌తో పోతుంది. ఎవరి సీసా అనేది ముందే అడిగి తీసుకోవడం మంచిది.

పాడైన ప్రయత్నాల్లో పలకలేవీ పోలేదు. ఎసిటోన్‌తో తుడిచి మళ్ళీ చింతపండు దగ్గర మొదలుపెట్టడమే.

ఖర్చు: ప్రింట్లు ఎనిమిది 40, ఎసిటోన్ 60. ఇంతవరకు 730.
రాగి నీళ్ళు: 450 మి.లీ., పెరగలేదు.

దశ 4: రెండో పలక, మూడో పలక, నాలుగో పలక

రెండో పలక 100 మి.లీ. ద్రావణంలో, 30 డిగ్రీల దగ్గర, కదపకుండా వేశాను. అంచుల రాగి 24 నిమిషాలకు పోయింది, నడుమది పోయేసరికి 34. తీసి తుడిస్తే చూడముచ్చటగా ఉంది. ఐసీ సాకెట్ తెచ్చి ఆనించి చూశాను. మొదటి కాలు సరిపోయింది, ఎనిమిదో కాలు గుండ్రం అవతల పడింది.

పదహారు కాళ్ళ ఐసీలో ఒక వైపు మొదటి కాలి నుంచి చివరి కాలికి 17.78 మి.మీ. ఉండాలి. వెర్నియర్ (సన్నటి కొలతల సాధనం) పెడితే 17.07. బోర్డు పొడవు 70కి బదులు 67.2. జిరాక్సు దుకాణం కంప్యూటర్ ‘పేజీకి సరిపెట్టు’ అనే అమరికతో బొమ్మను 96 శాతానికి కుదించింది. ప్రింటు మీద కంటికి ఏమీ కనబడదు. ఇప్పుడు ప్రతి పేజీ మూలలో 100 మి.మీ. గీత ఒకటి గీస్తున్నాను, డబ్బు ఇచ్చే ముందు స్కేలు పెట్టి చూస్తున్నాను. బొమ్మ పక్కన ‘పైన’ అన్న మాట కూడా పెట్టాను; కాగితం మీద అది తిరగబడి కనిపిస్తే రాగి మీద సరిగ్గా వస్తుంది.

రెండో పలక బోర్డుగా చచ్చినా కొలతలకు పనికివచ్చింది. 1.00 మి.మీ. అని గీసిన ట్రాక్‌లు నడుమ 0.94 ఉన్నాయి, అంచున 0.82. అంచు పని 24 నిమిషాలకే అయిపోయింది, ఆ తర్వాత పది నిమిషాలు ద్రవం ఊరికే కూర్చోకుండా మసి కిందికి పక్క నుంచి దూరి తొలిచింది. 0.3 మి.మీ. ట్రాక్ అయి ఉంటే సన్నగిల్లి తెగడానికి సిద్ధంగా ఉండేది.

కాటా ఇంకో సంగతి చెప్పింది. ముందు 11.52 గ్రాములు, తర్వాత 10.66. అంటే 0.86 గ్రాములు పోయాయి. బోర్డు మీది మొత్తం రాగి 1.1 గ్రాములు. నూటికి 78 వంతులు కరిగించి పారేశాను, కావలసింది 22 వంతులే అయినా. ముద్రిత సర్క్యూట్ బోర్డుకు ఆద్యుడిగా చెప్పే పాల్ ఐస్లర్ 1936 ప్రాంతంలో లండన్‌లో ఇలాంటి బోర్డుతో రేడియో చేసి చూపాడు. అక్కర్లేనిదంతా కరిగించే ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. కానీ అక్కర్లేని రాగిని తీసేయవలసిన అవసరం ఏమిటి? గీతలు ఒకదానికొకటి తగలకుండా సన్నటి కాలువ తవ్వితే చాలదా?

కీక్యాడ్‌లో ఖాళీ స్థలమంతా రాగితో నింపి భూమి తీగకు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల తీగ) కలిపాను, ట్రాక్‌ల చుట్టూ 0.6 మి.మీ. కాలువ మాత్రం వదిలాను. కరగవలసినది నూటికి 31 వంతులకు దిగింది. అంటే 0.34 గ్రాములు.

మూడో పలక, కొత్త బొమ్మతో: ద్రావణం 60 మి.లీ. చాలింది. 40 డిగ్రీల పళ్ళెంలో పెట్టి, డబ్బా ఒక అంచు ఎత్తి దించుతూ, ఉయ్యాల ఊపినట్టు. 12 నిమిషాలు. ట్రాక్‌లు నడుమ 0.96, అంచున 0.93. ఈ ప్రాజెక్టులో నేను చేసిన మార్పులన్నిటిలో పెద్దది ఇదే, దానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ద్రవం తగ్గింది, సమయం తగ్గింది, అంచు కోత తగ్గింది. ఒకటే ఇబ్బంది: పెద్ద నల్లటి భాగాలకు ఇస్త్రీ వేడి సరిగ్గా అందక సూది రంధ్రాలు పడతాయి. అవి భూమి తీగలోనే కాబట్టి పట్టించుకోలేదు.

నాలుగో పలక: అదే 60 మి.లీ.లో పెరాక్సైడ్ మరో 10 మి.లీ. పోశాను. మందగించిన నీలం ద్రవం మళ్ళీ బుడగలు వేసింది. 16 నిమిషాలు. ఆమ్లం పుష్కలంగా మిగిలే ఉంటుంది, పెరాక్సైడే ముందు అయిపోతుంది.

ఖర్చు: కొత్త 6 × 4 పలక 110, పెరాక్సైడ్ 25, నిమ్మ ఉప్పు 35. ఇంతవరకు 900.
రాగి నీళ్ళు: రెండో పలకకు 150, మూడుకూ నాలుగుకూ కలిపి 170, కడుగులతో సహా. ఇంతవరకు 770 మి.లీ.

దశ 5: రంధ్రాలు, టంకం, ఉప్పు గాలి

రంధ్రాల గురించి చెప్పేది తక్కువ. గుండ్రాల నడుమ 0.5 మి.మీ. చుక్క ఖాళీగా వదిలి గీస్తే అక్కడ రాగి కరిగి చిన్న గుంట పడుతుంది, డ్రిల్లు మొన జారదు. 0.8 మి.మీ. బిట్లు మూడు కొంటే రెండు విరిగాయి, రెండూ చేయి పక్కకు వాలినప్పుడే. గాజు నార దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, పలక మీద నీటి చుక్క వేసి తొలవాలి.

మూడో పలకకు టంకం పెట్టి, 12 వోల్టులు ఇస్తే మొదటిసారే పనిచేసింది. 555 దగ్గర 10 కిలోఓములు, 68 కిలోఓములు, 10 నానోఫారడ్ పెట్టాను. లెక్క ప్రకారం 986 హెర్ట్‌జ్ రావాలి, మల్టీమీటరు 1,020 చూపింది. సంతోషించి కిటికీ పక్కన పెట్టాను.

అయిదో రోజు చూస్తే కాలువల అంచున పచ్చగా చిలుము. ఐసీ కింద పక్కపక్క ట్రాక్‌ల మధ్య మీటరు పెడితే నిరోధం 1.8 మెగాఓములు. వాటి మధ్య కరెంటుకు దారే ఉండకూడదు కాబట్టి అక్కడ ఏమీ చూపకూడదు. మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు అదే చోట 9 మెగాఓములు, రాత్రి మళ్ళీ 2కు దిగింది. అంటే ఉప్పు. ద్రావణంలోని ఉప్పు, నిమ్మ ఉప్పు గాజు నార అంచుల్లోనూ మసి కిందా మిగిలిపోయాయి. ఎండిన ఊళ్ళో అది పొడిగా పడి ఉండేదేమో. ఇక్కడ రాత్రి గాలిలోని తేమను పీల్చుకుని తీగగా మారుతోంది. నేను చేసిన కడుగు కుళాయి కింద పది సెకన్లు మాత్రమే.

నాలుగో పలకకు కడుగు ఇలా మార్చాను:

1. ద్రావణం నుంచి తీయగానే 50 మి.లీ. నీళ్ళలో ముంచడం. ఆ నీళ్ళు రాగి సీసాలోకే.
2. ఎసిటోన్‌తో మసి తీయడం. మసి కింద దాగిన ఉప్పు అప్పుడే బయటపడుతుంది కాబట్టి కడుగు దీని తర్వాతే మొదలవుతుంది.
3. గ్లాసు నీళ్ళలో చెంచా వంట సోడా, అందులో పది నిమిషాలు.
4. బ్రష్‌తో తోమి, మంచినీళ్ళు మూడు మార్లు. చివరిది బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్.
5. జుట్టు ఆరబెట్టే యంత్రంతో అయిదు నిమిషాలు.
6. వెంటనే టంకం పూత, రాగి ఎక్కడా కనబడకుండా.

రాత్రి పదకొండుకు కొలిస్తే మీటరు 20 మెగాఓముల కొలమానంలో కూడా ఏమీ చూపలేదు. టంకం పనంతా అయ్యాక రోజిన్‌ను (టంకానికి వాడే బంక) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి కుంచెతో రెండు పూతలు వేశాను. పద్దెనిమిది రోజులు అదే కిటికీ పక్కన ఉంచాను, చిలుము లేదు.

ఖర్చు: చేతి డ్రిల్లు 150, బిట్లు 80, విడిభాగాలు 130. ఇంతవరకు 1,260.
రాగి నీళ్ళు: 770 మి.లీ.

దశ 6: ఆ 770 మి.లీ.

బాల్కనీ తూము గెడ్డలోకి (వాగులోకి) వెళ్తుంది, గెడ్డ సముద్రంలోకి. కరిగిన రాగి మనిషి కంటే చేపకు, నాచుకు ముందు ముప్పు తెస్తుంది. కాబట్టి తూములో పోయడం అనే మార్గం లేదు. నిమ్మ ఉప్పు తినే వస్తువే కదా అనే వాదన నేనూ మొదట నమ్మాను; ద్రవంలోకి వెళ్ళింది నిమ్మ ఉప్పు, బయటికి వచ్చింది రాగి లవణం.

మొదటి ఆలోచన బట్టల సోడా. రాగి లవణంలో సోడా వేస్తే పచ్చటి ముద్దగా దిగుతుందని బడిలో చదివాము. వేశాను, పొంగింది, ఆమ్లం చచ్చింది, రంగు ముదురు నీలమైంది, అడుగుకు ఏమీ దిగలేదు. నిమ్మ ఉప్పులోంచి వచ్చే సిట్రేట్ రాగిని గట్టిగా పట్టుకుంటుంది, సోడాకు వదలదు. 100 మి.లీ. దండగ.

రెండో ఆలోచన ఇనుము. రాగి ద్రావణంలో ఇనుము వేస్తే ఇనుము కరిగి రాగి బయటపడుతుంది. వంటింటి స్టీలు స్క్రబ్బరు వేసి రెండు రోజులు చూశాను. అది తళతళలాడుతూ నన్నే చూసింది. స్టెయిన్‌లెస్ మరి. తర్వాత పావు కిలో బైండింగ్ వైరు తెచ్చాను, మేస్త్రీలు ఇనుప చువ్వలు కట్టే నల్లటి తీగ. ఉండగా చుట్టి వేస్తే గంటలో ఎర్రబడింది, మూడు రోజుల్లో నీలం పోయి ద్రవం పసుపు గోధుమ రంగుకు మారింది. ముందు ద్రవాన్ని రెండు రోజులు మూత తీసి ఉంచాలి, మిగిలిన పెరాక్సైడ్ చావాలి, లేకపోతే ఇనుమే వృథాగా తుప్పవుతుంది. ఆమ్లం ఉన్నప్పుడే వేయాలి. నేను సోడా పోసి ఆమ్లం చంపిన ఆ 100 మి.లీ.ను మళ్ళీ మిగతా పుల్లటి ద్రవంలో కలపవలసి వచ్చింది.

తీగను దులిపి, గుడ్డలో వడకట్టి, ఆరబెడితే ఎర్రటి పొడి 2.7 గ్రాములు. నేను కరిగించినది మొత్తం సుమారు 3 గ్రాములు. పొడిలో తుప్పు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఈ అంకెను మరీ నమ్మడం లేదు.

మిగిలిన ద్రవాన్ని సోడాతో తటస్థం చేసి, పీహెచ్ కాగితం 7 చూపాక, ఒక కిలో సిమెంటులో కలిపి గట్టి ముద్దగా చేద్దామనుకున్నాను. రెండో రోజుకు వేలు దిగుతోంది. నాలుగో రోజుకూ దిగుతోంది. సిట్రేట్ సిమెంటును గట్టిపడనివ్వదు. వేడి ప్రాంతాల్లో కాంక్రీటు తొందరగా బిగియకుండా కలిపే పదార్థాల్లో సిట్రిక్ ఆమ్లం ఒకటి. ఒక మేస్త్రీని అడిగినా ముందే చెప్పేవాడేమో. తొమ్మిదో రోజుకు పైన పెచ్చు కట్టింది, లోపల ఇంకా మెత్తగానే ఉంది.

దీంతో వెనక్కి వెళ్ళి పాళ్ళు మార్చాను. 30 గ్రాముల నిమ్మ ఉప్పు నిజంగా అవసరమా? దశ 2లో సగంలో ఆపిన మూడో పట్టీ మీద ఇంకా 0.13 గ్రాముల రాగి ఉంది. 50 మి.లీ. ద్రవంలో నిమ్మ ఉప్పు సగానికి తగ్గించి, 7.5 గ్రాములతో ముంచాను. 24 నిమిషాల్లో పోయింది. పూర్తి పొర ఉన్న పట్టీకి 29 దాకా పట్టవచ్చు. 15 గ్రాములతో 27 పట్టింది. రెండు నిమిషాల కోసం ఇన్నాళ్ళూ రెట్టింపు పోశాను.

కొత్త పాళ్ళు, ఒక బోర్డుకు: పెరాక్సైడ్ 30, నీళ్ళు 30, నిమ్మ ఉప్పు 9 గ్రా., ఉప్పు 3 గ్రా.

ఖర్చు: బైండింగ్ వైరు 25, పీహెచ్ కాగితం 80, విడి సిమెంటు 15. మొత్తం 1,380.
రాగి నీళ్ళు: చివరి పరీక్షతో 820 మి.లీ. అందులో 770 రాగి తీసి సిమెంటులో, 50 సీసాలో బైండింగ్ వైరుతో.

ఇప్పుడున్న స్థితి: నాలుగో పలక ప్లాస్టిక్ పెట్టెలో, మెట్ల దగ్గర గోడకు. నాలుగో దీపం వెలగాలంటే ట్యాంకులోని తీగ ఇంకో రెండు అంగుళాలు దించాలి. రెండో పలకలోంచి ఐసీ లేని మూల కోసి, టంకం నేర్చుకుంటానన్న పక్కింటి అబ్బాయికి ఇచ్చాను. సిమెంటు ముద్ద పాత పెయింటు డబ్బాలో, వాన తగలని చోట, మూత మీద తేదీతో ఉంది. ఈ రోజు పదహారో రోజు. పుల్లతో గుచ్చితే అర అంగుళం దిగింది.